తిరుగు తీగ

గోడ వెనక నిలబడ్డవాళ్ళకి ముందు ఏం జరుగుతోందో కనబడదు, వినబడుతుంది, అంతే, అందుకే వదిన వింటోంది, చప్పట్లు వింటోంది, కుర్చీల కాళ్ళు నేలని గీకడం వింటోంది, మైకు మీద ఎవరో వేలితో టకటకా కొట్టడం వింటోంది, వింటూ పళ్ళు కొరుకుతోంది. గోడంటే ఇటుకల గోడ కాదు, తెరల గోడ, ఇనప ఫ్రేముకి వరసల మీద వరసలుగా బిగించిన స్క్రీన్లు, ముందు కూర్చున్న దొరబాబులకి ఒకటే పెద్ద బొమ్మ, వెనకున్నవాళ్ళకి ఉత్తి వీపులు. ఒక్కో వీపుకి ఒక ఫ్యాను, రెండు నల్ల తీగలు, ఒకటి లోపలికి వచ్చేది, ఒకటి పక్కదానికి వెళ్ళేది, అన్నీ కలిసి ఊదే వేడిలో ఒక మనిషి అడ్డంగా నడిచేంత సందు. ఆ సందులో నిలబెట్టింది ఆమెని అత్తరు సారు. పొద్దున్నే వచ్చి, పూసుకున్న అత్తరు ముందు వస్తే తను వెనకాల వచ్చి, మెత్తగా చెప్పాడు, వదినా, నువ్వు వెనకే ఉండు, ఏదన్నా స్క్రీను మొండికేస్తే చూసుకో, ప్రోగ్రాం అయ్యాక కార్మిక శాఖ ఆఫీసరమ్మ నిన్ను పిలుస్తుంది, రెండు ముక్కలు చెప్పేసి ఇంటికెళ్ళిపో. రెండు ముక్కలు. మా మరిది ఆ రోజు డ్యూటీలో లేడు. సరదాకి ఫ్రేమెక్కి జారిపడ్డాడు. అవీ ఆ రెండు ముక్కలు, నాలిక మీద పెట్టుకుంటేనే ఇనప తుప్పులా ఉన్నాయి.

వదిన అట, ఈయనకి ఎక్కణ్ణుంచి వదినయ్యిందో, వయసు చూస్తే ఆమె నాన్నకి అన్నలా ఉంటాడు. మరిది పిలుస్తాడు కాబట్టి గ్యాంగులో అందరూ పిలవడం మొదలుపెట్టారు, వెల్డింగు చేసేవాడూ వదినే, లారీ డ్రైవరూ వదినే, చివరికి కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు కూడా వదినే, వదినా అని నోరారా పిలిచి, ఆ నోటితోనే మరిదిని మాయం చెయ్యమంటాడు. మనిషిని మాయం చెయ్యడం ఇంత సులువా, ఒక్క రోజు హాజరు లేదంటే మనిషి లేడన్నమాట, మరి ఇదంతా ఎవరు కట్టారు, ఈ స్క్రీన్లు వాటంతట అవే లారీ దిగి నడిచొచ్చి గోడెక్కి కూర్చున్నాయా. ఒక్కోటి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి, మూల తగిలిందంటే అయిపోయినట్టే, మరిది చేతులు చాచి కింద నిలబడేవాడు, ఇటు దించు వదినా, ఇటు, ఇది ఏడుపుగొట్టుది, నెమ్మది. స్క్రీన్లకి పేర్లు పెట్టేవాడు వెధవ. ఏడుపుగొట్టుది, అలిగినది, మొద్దుది, పెళ్ళికూతురు. ఆ పెళ్ళికూతురు ఇప్పుడు పై వరసలో చిట్టచివర, వాడు పడ్డచోట, పచ్చ దీపం పెట్టుకుని కులాసాగా వెలుగుతోంది.

ముందు ఎవరో ఆడమనిషి గొంతు, తేనెలో ముంచి తీసిన గొంతు, మన సంస్థ చరిత్రలో ఇదొక మహత్తర ఘట్టం అంటోంది. ఘట్టం. నీ ఘట్టం తగలెయ్య అనుకుంది వదిన, అనుకుని మోకాలి దగ్గరున్న పెట్టె వంక చూసింది, బొమ్మ పుట్టేది అందులోనే, పెట్టెలోంచి మొదటి స్క్రీనుకి ఒక తీగ, అందులోంచి రెండోదానికి, రెండోదానిలోంచి మూడోదానికి, కింద వరస అయిపోతే పై వరసకెక్కి వెనక్కి నడిచి, మళ్ళీ పైకెక్కి, పాము పాకినట్టు పైదాకా, గొలుసు అంటారు దీన్ని వాళ్ళ భాషలో. పనిలో చేరిన కొత్తలో మరిదికి ఆమే చెప్పింది, చూడూ, నిప్పంటుకున్న ఇంటికి వరసగా నిలబడి బకెట్లు అందిస్తాం చూశావా, అదే ఇది, ప్రతిదీ తన వంతు ముక్క చూపించి మిగతా అంతా పక్కదానికి అందిస్తుంది, మధ్యలో ఒక్కటి చెయ్యి వదిలిందా, ఇక ఆ పైన ఉన్నవన్నీ చీకటి. వాడు బుర్ర గోక్కుని, అయితే మనుషులకంటే నయమే వదినా, దాచుకోవన్నమాట అన్నాడు. మొదటి రోజే, అడ్డంగా రెండే రెండు స్క్రీన్లున్న చిన్న గోడ మీదే, కొంప ముంచాడు. ప్రతి స్క్రీనుకీ నువ్వు ఫలానా చోట ఉన్నావు అని చెప్పి పెట్టాలి, వాడు వెనక నిలబడి ఎడమనుంచి లెక్కపెట్టి చెప్పాడు, వెనకున్నవాడి ఎడమ ముందున్నవాడికి కుడి కదా, బొమ్మ వెయ్యగానే ఏదో సబ్బు అమ్మే అమ్మాయి మొహం, చెవులు రెండూ నడిమధ్య వచ్చి ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి, ముక్కు రెండు చెక్కలై చెరో చివరకీ పోయింది. ఆమె నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. నాకేం తెలుసు వదినా, నేను వెనకున్నా కదా, వెనకున్నవాడికి లోకమంతా తిరగేసే కనబడుద్ది.

నిజమే చెప్పావురా అబ్బాయ్, తిరగేసే కనబడుతోంది. డ్యూటీలో పడితే బాధ్యత, సరదాకి పడితే దయ, ఇదీ వాళ్ళ లెక్క. బాధ్యత అయితే చట్టం అడుగుతుంది, బతికున్నన్నాళ్ళూ చూసుకోవాలి, దయ అయితే వాళ్ళిష్టం, ఈ నెల వస్తుంది, పై నెల మరిచిపోతుంది, అటుపై నెల గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వడు. మానవత్వంతో ఆసుపత్రి సంగతి కంపెనీ చూసుకుంటుంది వదినా, నువ్వు ఆ రెండు ముక్కలు చెబితే చాలు. మానవత్వం అనే మాట అత్తరు సారు నోట్లో వింటుంటే ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. మొగుడు కూడా అదే పాట, రాత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, తమ్ముడి కోసం కళ్ళు వాచేలా ఏడ్చిన మనిషే, చెప్పెయ్యవే అన్నాడు, నువ్వు నిజం చెబితే వాడికి కాళ్ళొస్తాయా, వైద్యం ఆగిపోతే ఎవరు చేయిస్తారు, నువ్వా నేనా. అత్తగారైతే ఇంకా ఘోరం, కొంగు నోట్లో కుక్కుకుని, కోతి అనే చెప్పవే తల్లీ, చిన్నప్పట్నుంచీ కోతేగా వాడు, అబద్ధమేముంది. కన్నతల్లి చేత కొడుకుని కోతి అనిపించారు. ఆ మాట అనిపించినవాళ్ళు ముందు కుర్చీల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

చప్పట్లు ఆగాయి, దీపాలు తగ్గించినట్టున్నారు, సందులో ఇంకాస్త చీకటి, ఇప్పుడు సినిమా వేస్తారు, సంస్థ సినిమా, దాని శబ్దం వదినకి కంఠతా వచ్చు, పరీక్ష పెట్టిన రోజు ఎన్నిసార్లు వేశారో. ఆ రోజు, అంటే వాడు పడ్డదానికి ముందు రోజు, ఇదే హాల్లో, సంస్థ యజమాని పెద్దాయనే స్వయంగా వచ్చి కూర్చున్నాడు, చుట్టూ ఆయన మనుషులు, ఫోన్లు పైకెత్తి పట్టుకుని. తెర మీద కూడా పెద్దాయనే, గోడంత మొహం, నా కలల సౌధం అంటూ ఏదో చెబుతున్నాడు, ఇంతలో మధ్యలో ఎక్కడో ఒక తీగ వదులైంది, టక్కున పై సగమంతా నల్లబడింది, నుదురు లేదు, కళ్ళు లేవు, కింద నోరొక్కటే, గుమ్మమంత నోరు, పళ్ళతో సహా మాట్లాడుతూనే ఉంది. వెనకాల మరిది, వదినా, ఏం కనబడుతోంది, అని కేకేశాడు, ఎప్పుడూ అంతే, ఒకరు వెనకుంటే ఒకరు ముందుండాలి, వెనకున్నవాళ్ళకి ముందున్నవాళ్ళే కళ్ళు. ఏం చెప్పాలో తెలీక ఆమె, నోరు, అంది. ఎవరి నోరు, అన్నాడు వాడు. వెల్డింగువాడు కిసుక్కుమన్నాడు. పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు, ఆయన పి.ఎ. మిగిలాడు, రేపు నలుగురిలో ఇలా అయితే ఏం చేస్తారని గుడ్లురిమాడు, అత్తరు సారు రెండు చేతులూ నలుపుకుంటూ, తిరుగు తీగ వేయిస్తాం సార్, మధ్యలో ఎక్కడ తెగినా బొమ్మ అటుతిరిగి వస్తుంది సార్, మీరు నిశ్చింతగా ఉండండి. చివరి స్క్రీనులోంచి మళ్ళీ పెట్టెలోకి ఒక తీగ దించాలి, గొలుసుని చుట్టులా కలపాలి, అదే తిరుగు తీగ. వాళ్ళ నిశ్చింత కోసం వేసింది అది.

ఆ మర్నాడు లిఫ్టు లేదు. మనిషిని పైకెత్తే లిఫ్టు, చుట్టూ కటకటాలున్నది, దాన్ని ముందువైపు తీసుకెళ్ళారు, బ్యానరు గుడ్డ కట్టాలట, గుడ్డ వంకరగా ఉందట, మళ్ళీ కట్టాలట. మనిషికంటే గుడ్డ ముఖ్యం. ఆమె ముందుంది, గోడ ఇవతల, అంతా వినబడింది. లిఫ్టు వచ్చాక ఎక్కుతా సార్. అది ఇప్పట్లో రాదురా, ఫ్రేము పట్టుకుని ఎక్కెయ్, ఎంతసేపు పని. తాడైనా ఇవ్వండి సార్. తాడు లారీలో ఉండిపోయింది, లారీ వెళ్ళిపోయింది, కుర్రాడివి, నిచ్చెనలా ఉంది కదరా ఫ్రేము. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో, పిల్లాడికి బువ్వ పెడుతున్నట్టు. తరవాత బూట్లు ఇనుముకి తగిలిన చప్పుడు, ఒక్కో కమ్మీ, పైపైకి. వదినా, ఏం కనబడుతోంది. పెద్దాయన బట్టతల. ఆ బట్టతల మీదే కూర్చున్నా వదినా, చల్లగా ఉంది. నోర్మూసుకుని పని చూడు. ఇదిగో, పెడుతున్నా. అంతే. తరవాత చప్పుడు. బస్తా పడ్డట్టు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, వాడు ఇంకో జోకు వేస్తాడని చూస్తోంది, ఎదురుగా పెద్దాయన గోడంత మొహంతో మాట్లాడుతూనే ఉన్నాడు, బొమ్మ అదరలేదు, బెదరలేదు, ఒక్క గీతైనా పడలేదు. గోడ వెనక మనిషి పడితే గోడ ముందు ఒక్క గీత పడదు. అదే ఆమెని తినేస్తోంది, అప్పట్నుంచీ తినేస్తోంది.

ఆసుపత్రిలో డాక్టరు దుప్పటి ఎత్తి, బొటనవేలు కదుపు బాబూ అన్నాడు. కదిపాను, అన్నాడు మరిది, డాక్టరు మొహంలోకి చూస్తూ. వేలు కదల్లేదు. కదిపాను సార్, మళ్ళీ అన్నాడు. డాక్టరు బయటికి వచ్చి, పైనుంచి కిందికి అందడం లేదమ్మా, మధ్యలో తెగింది, అన్నాడు. మొగుడు ఏదేదో అడిగాడు, అత్తగారు కూలబడింది, వదిన ఒక్కతే ఏమీ అడగలేదు, అడగడానికేముంది, ఆ మాట ఆమెకి అర్థమైనంతగా ఆ వరండాలో ఎవరికి అర్థమైందని. లోపలికి వెళితే వాడు పైకప్పు వంక చూస్తూ, వదినా, అది పట్టిందా, అన్నాడు. ఏది. తిరుగు తీగ. పెట్టాననే అనుకుంటున్నా, పూర్తిగా నొక్కానో లేదో గుర్తు లేదు, చెయ్యి జారిందో కాలు జారిందో కూడా గుర్తు లేదు, టక్కుమన్న చప్పుడొకటి వినబడినట్టే ఉంది, అది తీగదో నడుందో. నడుం మాట అంటూ నవ్వబోయాడు. తెలీదు, అంది ఆమె. ఎవరూ చూడలేదు, వాణ్ణి మోసుకెళ్ళాక అత్తరు సారు వెనక తలుపుకి తాళం వేయించాడు, బొమ్మ వస్తోంది చాలన్నాడు, ఇవాళ పొద్దునే తీసిన తాళం అది. ముందునుంచి చూస్తే తెలిసేది కాదు, ఏదన్నా తెగితేనే తెలుస్తుంది.

సినిమా మొదలైంది. వయొలిన్లు. పక్షుల కూతలు. అదే తేనెగొంతు, ఈ సౌధాన్ని నిలబెట్టిన ప్రతి చెయ్యీ మాకు కుటుంబమే, ప్రతి చెమట చుక్కా. కుటుంబమా. కుటుంబం ఏ వార్డులో పడుందో తెలుసా, మంచానికి తలవైపు ఏ నంబరు రాసుందో తెలుసా, వాడు ఒంటికి పోవడానికి కూడా అన్నని పిలవాల్సి వచ్చి సిగ్గుతో మొహం తిప్పేసుకుంటున్నాడని తెలుసా మీ కుటుంబానికి. కాళ్ళు వాటంతటవే రెండో వరస చివరకి నడిచాయి, గొలుసు మూడో వరసకెక్కే చోటు, ఆనాడు వదులైన చోటు అదే, ఇప్పుడు బిగించి ఉంది, మునివేళ్ళ మీద లేచింది, చెయ్యి అందింది. కళ్ళు పోవాలి. నుదురు పోవాలి. నలుగురిలో, అతిథుల ముందు, కార్మిక శాఖ ఆఫీసరమ్మ ముందు, నోరొక్కటే మిగలాలి, నీ అసలు రూపం అదే, తిను, మాట్లాడు. ఆ తరవాత ఏమైనా కానీ, ఉద్యోగం పోనీ, గెంటెయ్యనీ. పట్టుకుంది, లాగింది. తీగ ఊడి చేతిలోకి వచ్చింది, చిన్న పాముపిల్లలా వేలాడింది.

ఊపిరి బిగపట్టి వింది. గోల రాలేదు. గుసగుస కూడా రాలేదు. వయొలిన్లు, పక్షులు, ఎవరో దగ్గారు. తల పైకెత్తి చూసింది, మూడో వరసలో పచ్చ దీపాలు, పై వరసలో పచ్చ దీపాలు, మొద్దుది, అలిగినది, ఏడుపుగొట్టుది, అన్నీ వెలుగుతున్నాయి, పెళ్ళికూతురు వెలుగుతోంది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, వేరే తీగ లాగానా అనుకుంది, అరచేతిలో దాన్ని తిప్పి చూసుకుంది, ఇదే, ఇదే కదా. అప్పుడు తట్టింది, ఇనప కమ్మీ పట్టుకుంది. పట్టింది. వాడు పూర్తిగానే నొక్కాడు. నొక్కే పడ్డాడు. బొమ్మ అటుతిరిగి, పైనుంచి దిగి వస్తోంది, పై సగమంతా ఇప్పుడు వాడు వేసిన ఆ ఒక్క తీగ మీదే బతుకుతోంది, పెద్దాయనకి కళ్ళున్నాయంటే అవి వాడు పెట్టినవి. కోపం తగ్గిందనుకుంటున్నారేమో, లేదు, రెండింతలైంది. నడుం విరగ్గొట్టుకుని కూడా వీళ్ళ పరువు మోస్తున్నావా పిచ్చోడా.

పెట్టె దగ్గరికి వచ్చి వంగింది. తిరుగు తీగ కింది కొస ఇక్కడే, నల్ల టేపు చుట్టి ఉంది, టేపు చివర లోపలికి మడిచి చిన్న తోకలా వదిలేశాడు, అది వాడి అలవాటు, గ్యాంగులో ఇంకెవడికీ లేదు, రేపు విప్పేవాడి గోరు అరక్కూడదు కదా వదినా అనేవాడు. రేపు విప్పేవాడి గోరు గురించి ఆలోచించినవాడి కాళ్ళ గురించి ఇంతమందిలో ఒక్కడు ఆలోచించలేదు. తోక పట్టుకుంది. ఇది కూడా లాగితే చాలు, నిమిషంలో నోరొక్కటే మిగులుతుంది, చేతికి అంత దగ్గర, గోరు కూడా అరగదు. లాగబోయింది. వేళ్ళు ఆగిపోయాయి. ఇది లాగేస్తే ఏమవుతుంది, గోల అవుతుంది, తనని గెంటేస్తారు, సాయంత్రానికి అత్తరు సారు ఇంకెవణ్ణో పంపి కొత్త తీగలు వేయిస్తాడు, ఈ టేపు చెత్తబుట్టలో పడుతుంది, ఇక నిజంగానే మరిది ఇక్కడ లేనట్టే. వాళ్ళు చెప్పేది ఏమిటి, పని ముందు రోజే అయిపోయింది, ఆ రోజు ఎవరికీ పని లేదు, వాడికైవాడే ఎక్కాడు. పని అయిపోయిందన్న ముందు రోజున పై సగం నల్లబడింది కదా, పెద్దాయన చూశాడు, పి.ఎ. చూశాడు, ఫోన్లు పైకెత్తినవాళ్ళందరి ఫోన్లలో ఆ నోరు ఉంది. ఇవాళ అదే తీగ ఊడింది, నల్లబడలేదు. ఆ రెంటికీ మధ్య ఎవరో ఎక్కారు కదా, ఎక్కి, తీగ పెట్టి, దిగలేదు కదా. వాడే. కంపెనీ చెప్పిన పని మీద, కంపెనీ చెప్పినచోట. మొగుడి మాట గుర్తొచ్చింది, నిజం చెబితే కాళ్ళొస్తాయా. రావు. కానీ దయ అడుక్కోవడం తప్పుతుంది, రేపు గేటు దగ్గర వాచ్‌మన్‌కి దణ్ణం పెట్టడం తప్పుతుంది, సరదాకి పడ్డ కోతి అన్న పేరు తప్పుతుంది. తోక వదిలేసింది. ఊడదీసిన తీగని మాత్రం తిరిగి పెట్టలేదు, వేలాడుతుంటే వేలాడనీ.

పక్క తలుపు తోసుకుని హాల్లోకి వచ్చింది. తెర వెలుతురు కళ్ళలో గుచ్చింది. అత్తరు సారు తలుపు పక్కనే ఉన్నాడు, వాసన ముందే తగిలింది.

"ఇప్పుడొచ్చావేం వదినా, ఇంకా పెద్దాయన మాట్లాడాలి."

"మాట్లాడనివ్వండి సార్."

ఆయన తెరిచి ఉన్న తలుపులోంచి తొంగి చూశాడు, వేలాడుతున్న తీగ కనబడింది, మొహంలో రంగు మారింది. "ఏంటది, ఊడిపోయిందా. ముందు పెట్టెయ్, పెట్టెయ్."

"ఎందుకు సార్, బొమ్మ బాగానే వస్తోందిగా."

ఆయన గోడ వంక చూశాడు. ఆమె వంక చూశాడు. మెత్తని గొంతు ఎక్కడికో పోయింది. "వదినా, ఆసుపత్రి సంగతి గుర్తు పెట్టుకో."

"అదే గుర్తు పెట్టుకున్నా. నన్ను వదిన అనకండి, మీ లెక్కలో నాకు మరిదే లేడుగా."

ఆఫీసరమ్మ మొదటి వరస చివర కుర్చీలో ఉంది, ఒళ్ళో చేతిసంచీ, చూపు తెర మీద లేదు, గడియారం మీద ఉంది. వదిన వెళ్ళి పక్కన వంగింది, చేతులకి నల్ల మసి, చెమట వాసన, పక్క కుర్చీ ఆయన కాస్త జరిగాడు. "అమ్మా, మీరు నన్ను తరవాత పిలుస్తారట. తరవాత వద్దు. నా మరిది ఏం చేస్తూ పడ్డాడో ఇప్పుడే చూపిస్తాను, లేవండి."

"ప్రోగ్రాం అవనివ్వమ్మా."

"అయ్యాక ఇది ఇలా ఉండదు."

ఆఫీసరమ్మ ఆమె చేతుల వంక ఒకసారి చూసింది, వెనకాల వస్తున్న అత్తరు సారు వంక ఒకసారి చూసింది, ఆయన నవ్వుతూ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి లేచింది. సందు ఇరుకు, ఆమె అడ్డంగా నడవాల్సి వచ్చింది, వేడికి మొహం చిట్లించింది. వదిన వేలాడే తీగ చూపించింది, కింద టేపు చూపించింది, తోక చూపించింది, ముందు రోజు ఏమైందో, మర్నాడు లిఫ్టు ఎక్కడుందో, తాడు ఎక్కడుందో చెప్పింది, ఏడవలేదు, గొంతు పెంచలేదు, ముందు తెరంతా పెద్దాయన మొహమే వేసి, ఆయన గొంతు మైకులో గర్జిస్తుంటే దాని కింద నుంచి ఒక్కో మాటా పెట్టింది.

"ఇది కూడా తీసేస్తే ఏమవుతుంది?" అంది ఆఫీసరమ్మ, తోక మీద వేలు పెట్టి.

"ఆయనకి నోరొక్కటే మిగులుతుంది. తియ్యకండమ్మా. ఫోటో తీసుకోండి."

ఫోన్ వెలుగు ఒకసారి, రెండుసార్లు మెరిసింది. తరవాత ఆవిడ తల పైకెత్తింది, కమ్మీల మీదుగా, వీపుల మీదుగా, చివరి పచ్చ దీపం దాకా చూపు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "అంత పైకా," అంది. "ఏం పట్టుకుని ఎక్కాడు?"

వదిన గోడకి అతుక్కుని పక్కకి తప్పుకుంది, ఆవిడకి దారి ఇచ్చింది. "ఆ కమ్మీ పట్టుకోండి," అంది. "ఒక్క మెట్టు ఎక్కి చూడండి."